గోధుమ చేలో జ్యూరీ: లాక్స్టన్ ఊరి సంగతులు

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, పొలం పనులు మానుకుని వచ్చిన రైతు సోదరులకు, అమ్మలకు నమస్కారం.

ఇంగ్లండులో ఒక పల్లె గురించి మాట్లాడమని పిలిచారు. ఇంగ్లండు పల్లె అనగానే క్యాలెండర్ల మీద కనిపించే రాతి ఇల్లు, గుమ్మం మీదికి పాకిన గులాబీ తీగ గుర్తొస్తాయి. నేను చెప్పబోయే ఊరు ఆ లెక్కలోకి రాదు. దాని పేరు లాక్స్టన్. నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో, నాటింగ్‌హామ్ నగరానికి ఉత్తరంగా ఉంటుంది. ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఒక చర్చి, ఒక పబ్, చుట్టూ బరువైన బంకమట్టి నేలలు. కారులో పోతూ ఒక్క క్షణం అటు తిరిగితే ఊరు దాటిపోతుంది. అయితే యూరప్‌లో ఇంకెక్కడా దాదాపుగా మిగలని ఒక పద్ధతి ఈ ఊళ్ళో ఇవాళ్టికీ నడుస్తోంది. గట్లు లేని ఉమ్మడి చేలు, వాటిని కాపలా కాసే ఒక ఊరి కోర్టు.

ముందు చేల సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా అక్కడినుంచే వస్తుంది.

మధ్యయుగాల్లో ఇంగ్లండు నడిబొడ్డున చాలా ఊళ్ళలో సాగు ఇలాగే ఉండేది. ఊరి నేలంతా రెండు మూడు పెద్ద చేలు. ఒక్కో చేనూ వందల ఎకరాలు. మధ్యలో కంచె లేదు, గట్టు లేదు. ఆ చేను లోపల సన్నటి పొడవాటి పట్టీలుగా రైతుల వాటాలు. ఒకే రైతుకు పది పట్టీలుంటే పదీ పది చోట్ల ఉండేవి. మంచి నేలలో కొంత, చవుడు నేలలో కొంత, వాగు ఒడ్డున కొంత. మంచీ చెడూ అందరికీ పంచడం ఒక కారణం. దున్నే అరకలు, ఎద్దులు పొత్తులో ఉండటం ఇంకో కారణం. పట్టీ ఎందుకంత పొడుగంటే, ఎద్దులు కట్టిన అరకను మలుపు తిప్పడం కష్టం. ఒకసారి సాలు మొదలుపెడితే వీలైనంత దూరం పోవాలి.

ఇక్కడ మనకు నేరుగా తగిలే విషయం ఒకటుంది. ఆ సాలు పొడవు 220 గజాలు అని వాళ్ళు స్థిరం చేసుకున్నారు. దానికి 22 గజాల వెడల్పు కలిపితే 4,840 చదరపు గజాలు. మన పట్టాదారు పాస్‌పుస్తకంలో ఎకరం అంటే అదే. తెలంగాణలో దాన్ని 40 గుంటలు చేసుకున్నాం, ఆంధ్రలో 100 సెంట్లు చేసుకున్నాం. మన సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి కొలిచిన నేలకు మూలకొలత ఇంగ్లండు రైతు సాలు. క్రికెట్ పిచ్ కూడా ఆ 22 గజాలే, కుర్రాళ్ళు గమనించాలి.

లాక్స్టన్‌లో ఇలాంటి పెద్ద చేలు ఇప్పుడు మూడున్నాయి. పడమటి చేను, మిల్లు చేను, దక్షిణపు చేను. మూడూ కలిపి ఐదు వందల ఎకరాలకు కాస్త తక్కువ. ఏడాదికి ఒక చేలో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోది బీడుగానో మేతకో వదులుతారు. మరుసటి ఏడు వరస మారుతుంది. మీ పట్టీలో మీకు నచ్చింది వేస్తామంటే కుదరదు. చేను మొత్తానిది ఒకే నిర్ణయం. నా మటుకు నాకు ఇది అందమైన పద్ధతి అనిపించదు, కష్టమైన పద్ధతి అనిపిస్తుంది. పక్కవాడితో పడకపోయినా ఏడాదంతా పక్కవాడితోనే పని.

మరి గట్టు లేకపోతే హద్దు ఎలా? గట్టున్న మన దగ్గరే ఏడాదికి రెండు సాళ్ళ చొప్పున గట్టు చెక్కేవాళ్ళుంటారు కదా. లాక్స్టన్ రైతు దేవదూత కాదు, అక్కడా అదే బుద్ధి. అందుకే జ్యూరీ.

ప్రతి సంవత్సరం నవంబరు చివరలో, ఆ ఏడు గోధుమ వేసిన చేను చూడటానికి 12 మంది రైతుల జ్యూరీ బయల్దేరుతుంది. వాళ్ళకొక పెద్ద ఉంటాడు. చలిలో, బురదలో బూట్లేసుకుని ప్రతి పట్టీ వెంబడీ నడుస్తారు. ఎవరు బాటలోకి దున్నారు, ఎవరు పక్క పట్టీలోకి జరిగారు, ఎవరు ఊరుమ్మడి పచ్చిక మీద నాగలి పెట్టారు అని చూస్తారు. హద్దు చెరిగిన చోట కొలిచి, కొయ్య గూటాలు పాతుతారు. పని అయ్యాక పబ్‌లో భోజనం. అక్కడే జరిమానాల లెక్క తేలుతుంది.

తర్వాతి వారం ఆ పబ్‌లోనే కోర్టు కూర్చుంటుంది. పబ్ పేరు డవ్‌కోట్ ఇన్. ఎస్టేటు తరఫున ఒక న్యాయవాది స్టీవార్డ్‌గా పెద్దరికం వహిస్తాడు. రైతుల పేర్లు పిలుస్తారు. జ్యూరీ చదివిన తప్పులు విని జరిమానా ఖాయం చేస్తారు, వచ్చే ఏటికి కొత్త జ్యూరీ చేత ప్రమాణం చేయిస్తారు. జరిమానా పెద్దదేమీ కాదు, కొద్ది పౌండ్లు. అసలు దెబ్బ ఆ డబ్బులో లేదు. పదిమంది ముందు, పబ్ హాలులో, ఫలానా ఆయన ఇంత మేర దున్నేశాడు అని చదువుతారు చూడండి, అందులో ఉంది. పైగా ఈ ఏడు నా మీద జరిమానా వేసినవాడి పొలం చూడటానికి వచ్చే ఏడు నేనే వెళ్తానేమో. ఆ ఎరుక ఇద్దరినీ అదుపులో పెడుతుంది.

ఇదంతా పండగపూట వేషం అనుకోవద్దు. ఇంగ్లండులో ఇలాంటి ఊరి కోర్టులు ఒకప్పుడు కొల్లలుగా ఉండేవి. 1977లో పార్లమెంటు చేసిన ఒక చట్టం వాటి న్యాయాధికారాలను రద్దు చేసింది. చాలాచోట్ల అవి ఊరేగింపులకు, విందులకు మిగిలాయి. లాక్స్టన్ కోర్టుకు మాత్రం ఆ చట్టంలోనే మినహాయింపు ఇచ్చారు. దాని అధికారం ఇవాళ్టికీ చట్టబద్ధమైన అధికారమే.

ఊరు చరిత్ర కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను. ఇంగ్లండు రాజు 1086లో రాయించిన భూముల లెక్క, డూమ్స్‌డే పుస్తకంలో ఈ ఊరుంది. ఉత్తరాన మట్టి దిబ్బ మీద కట్టిన నార్మన్ల కోట ఆనవాళ్ళు ఇంకా గడ్డి కింద కనిపిస్తాయి. రాయి పోయింది, దిబ్బ మిగిలింది. షెర్‌వుడ్ అడవి పాలన ఒకప్పుడు ఇక్కడినుంచి జరిగేది. రాబిన్‌హుడ్ కథల షెర్‌వుడ్డే. చర్చిలో ఆ కాలపు ప్రభువులు ఎవరింగ్‌హామ్ వంశం వాళ్ళ సమాధి విగ్రహాలున్నాయి. అందులో ఒక స్త్రీ విగ్రహం రాతిది కాకుండా చెక్కది కావడం విశేషం.

చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1635. విలియం కోర్టెన్ అనే లండన్ వర్తకుడు అప్పటికే ఈ ఊరిని కొని ఉన్నాడు. కొన్న సరుకు లెక్క చూసుకోవాలి కదా. మార్క్ పియర్స్ అనే సర్వేయరును పెట్టి ప్రతి పట్టీనీ కొలిపించి, రైతు పేరుతో సహా పటం గీయించాడు. ఆ పటం ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాని మీద దున్నేవాళ్ళు, కోత కోసేవాళ్ళు, వేటాడేవాళ్ళు చిన్న చిన్న బొమ్మలుగా ఉంటారు. సుమారు నాలుగు వందల ఏళ్ళ నాటి ఆ పటాన్ని పట్టుకుని ఇవాళ ఊళ్ళో నడిస్తే చాలా దారులు ఉన్నచోటే ఉంటాయి. రీసర్వే అయ్యాక కూడా సరిహద్దు రాయి కోసం తిరుగుతున్న మనవాళ్ళకు ఇది కాస్త కుళ్ళు పుట్టించే విషయమే.

మిగతా ఊళ్ళలో ఈ పద్ధతి ఎందుకు పోయింది? ఎన్‌క్లోజర్ చట్టాల వల్ల. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా ఇలాంటి చట్టాలు చేసింది. దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి నేలకు కంచెలు పడ్డాయి. పట్టీలన్నీ కలిపి ఎవరి కమతం వాళ్ళకు ఒకచోట ఇచ్చారు. దిగుబడి పెరిగింది, నిజమే. కాగితం మీద హక్కు లేక, ఆవును ఊరుమ్మడి పచ్చికలో మేపుకుని బతికే పేదవాడికి మాత్రం ఆ పచ్చిక పోయింది. అలాంటి వాళ్ళలో ఎందరో కూలికో, పట్నానికో దారి పట్టారు.

లాక్స్టన్ తప్పించుకోవడం వెనక ఏ మహానుభావుడి ముందుచూపూ లేదు. ఊళ్ళో ఇద్దరు పెద్ద భూస్వాములు, ఎర్ల్ మాన్వర్స్ ఒకరు, ఎర్ల్ స్కార్‌బరో ఇంకొకరు. ఎర్ల్ అంటే అక్కడి జమీందారీ బిరుదు లాంటిది. నేలను ఎలా మార్చుకోవాలో వాళ్ళిద్దరికీ పొత్తు కుదరలేదు. ఆ పేచీ తెమిలేసరికి కాలం మారింది, కంచెల మీద డబ్బు పోయడం గిట్టుబాటు కాలేదు. పెద్దవాళ్ళ తగాదా చిన్నవాళ్ళకు మేలు చేసిన సందర్భాలు చరిత్రలో తక్కువ, ఇది అందులో ఒకటి. 20వ శతాబ్దం మొదట్లో పట్టీలను కొంత కలిపి వెడల్పు చేశారు. అందుకే ట్రాక్టరు తిరగగలుగుతోంది.

ఇప్పుడు ఊళ్ళో సదుపాయాలు. మనం సదుపాయం అంటే సీసీ రోడ్డు, వాటర్ ట్యాంకు, కమ్యూనిటీ హాలు అంటాం, శిలాఫలకం మీద పేరుతో సహా. లాక్స్టన్‌లో ఊరి గుండెకాయ పబ్. అది భోజనశాల, కోర్టు హాలు, రచ్చబండ మూడూను. దాని పక్కనే పాత వ్యవసాయపు కొట్టాన్ని బాగుచేసి విజిటర్ సెంటర్ పెట్టారు. చేల పద్ధతి తెలియనివాళ్ళకు అక్కడ బొమ్మలతో వివరిస్తారు. వ్యవసాయపు ఇళ్ళు చాలావరకు పొలాల్లో కాకుండా ఊరి వీధిలోనే ఉన్నాయి. నేల నలుదిక్కులా చెదిరి ఉన్నప్పుడు ఇల్లు మధ్యలో ఉండటమే తెలివి. ఇంటి పక్కగోడ వీధి వైపుకు, పెరడు వెనక్కి సన్నగా పొడుగ్గా ఉంటుంది.

చేల మధ్య దున్నడానికి వీలుకాని పల్లపు చోట్లు, వాలు చోట్లు గడ్డికి వదిలేశారు. మన పోరంబోకు లాంటివి, కాకపోతే ఎవరూ గుడిసె వేయలేదు, ప్లాట్లూ చేయలేదు. ఆ గడ్డిని ఏటా వేసవిలో వేలం వేస్తారు. ఎన్నడూ నాగలి తగలలేదు కాబట్టి అక్కడ పూలమొక్కలు రకరకాలు బతికాయి. ప్రకృతి ప్రేమికులు ఇప్పుడు వాటికోసం వస్తున్నారు. ఒకప్పుడు తప్పిపోయిన పశువులను పట్టి కట్టేసే ఉద్యోగి కూడా ఉండేవాడు. మన ఊళ్ళలో బందెలదొడ్డి గుర్తుందా? 1871 నాటి చట్టంతో బ్రిటిష్‌వాళ్ళు ఇక్కడ పెట్టిన ఆ పద్ధతికి వాళ్ళ ఊళ్ళో ఇలాంటి పాత అలవాటుంది.

ఊరి అంచున ఇంకొకటుంది, ఎవరూ ఊహించనిది. నాజీల చేతిలో చనిపోయిన యూదుల స్మృతిగా కట్టిన జాతీయ హోలోకాస్ట్ కేంద్రం. యూదులు కాని స్మిత్ కుటుంబం 1995లో దాన్ని ప్రారంభించింది. తోటలో తెల్ల గులాబీలు, ఒక్కో దానికీ ఒక స్మృతి ఫలకం. స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు. ఇంత పెద్ద విషయానికి ఇంత చిన్న ఊరేమిటి అని అడగొచ్చు. నాకైతే తప్పుగా అనిపించదు. నగరంలో పదో మ్యూజియంగా చూసి బయటికొచ్చి షాపింగ్‌కు పోయే అవకాశం ఇక్కడ లేదు.

పబ్ గురించి అంతగా చెప్పాను కాబట్టి ఒక మాట. ఇంగ్లండులో పల్లె పబ్బులు, దుకాణాలు వరసగా మూతపడుతున్నాయి. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊరివాళ్ళు తమ పబ్ ఓల్డ్ క్రౌన్‌ను 2003లో వంద మందికి పైగా కలిసి సహకార సంఘంగా కొనేశారు. దేశంలో అలా జరిగిన తొలి పబ్‌గా దాన్ని చెబుతారు. 2011 నాటి స్థానికత చట్టం వచ్చాక, ఊరికి ముఖ్యమైన ఆస్తిగా నమోదైనదాన్ని అమ్మబోతే, ఊరివాళ్ళు డబ్బు కూడగట్టుకోవడానికి ఆరు నెలల గడువు అడగొచ్చు. పాత ఎర్ర టెలిఫోన్ బూత్‌ను ఒక్క పౌండుకు తీసుకుని పుస్తకాల అలమరాగా, గుండె ఆగినవాళ్ళకు షాక్ ఇచ్చే పరికరం ఉంచే చోటుగా వాడుకుంటున్న ఊళ్ళూ ఉన్నాయి. మన గ్రంథాలయ ఉద్యమం చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

అంతా బాగుందని చెప్పి దిగిపోతే అబద్ధమవుతుంది. లాక్స్టన్‌లో ఈ పట్టీలు దున్నేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లు. పట్టీల మీద వచ్చేదానితో ఇవాళ ఎవరి సంసారమూ గడవదు, విడిగా కంచె వేసిన పొలాలు కూడా ఉండబట్టి నెట్టుకొస్తున్నారు. యజమాని మారినప్పుడల్లా వాళ్ళకు టెన్షనే. 1952లో ఎర్ల్ మాన్వర్స్ ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. పద్ధతిని కాపాడతామని ప్రభుత్వం తీసుకుంది. 1981లో అది రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్ళింది. 2018లో ఆ సంస్థ అమ్మేస్తానని ప్రకటించింది. 2020లో కొన్నది థోర్స్‌బీ ఎస్టేట్, అంటే ఒకప్పుడు ఎర్ల్ మాన్వర్స్ ఏలిన ఎస్టేటే. డెబ్బై ఏళ్ళకు ఊరు పాత ఇంటికే చేరింది. మంచిదా కాదా అన్నది కౌలు కాగితాల్లో తేలాలి. కోర్టు పక్కవాడి నాగలిని ఆపగలదు, భూస్వామి అమ్మకాన్ని ఆపలేదు.

మీ పిల్లలు నాటింగ్‌హామ్‌లోనో, షెఫీల్డ్‌లోనో చదువుతుంటే, చూడటానికి వెళ్ళినప్పుడు ఒక పూట ఇటు కేటాయించండి. బస్సులు తక్కువ, కారు చూసుకోండి. ముందు విజిటర్ సెంటర్‌లో పటం చూసి, ఆ ఏడు గోధుమ ఏ చేలో వేశారో కనుక్కుని బయల్దేరండి. బాట దాటి పంటలోకి దిగకండి, ఆ మట్టి బూట్లకు పట్టుకుంటే వదలదు. భోజనానికి డవ్‌కోట్‌కు వెళ్ళే ముందు అది తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

కౌలు చట్టాల మీద, సర్వే మీద ప్రశ్నలుంటాయని తెలుసు. అడగండి, తెలిసినంత చెబుతాను.