ఎరువుల మీద మాట్లాడమంటే కాజు చెట్టు మీద మాట్లాడాను
(నల్లగొండలో పెరటి తోటల మిత్రుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మిత్రులకు నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, నాకున్నవి పది నిమిషాలే కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. నాకిచ్చిన అంశం సేంద్రియ ఎరువులు. వస్తాను, దానికే వస్తాను.

దేవరకొండలో మేం కొన్న పాత ఇంటి పెరట్లో ఒక గుబురు చెట్టు ఉంది. ఆకు మందం, పూత మామిడి పూత తీరు. ఏదో అడవి మామిడి అన్నారంతా. ఎండలు ముదిరే ముందు చూస్తే కొమ్మ చివర ఆకుపచ్చ గింజలు వేలాడుతున్నాయి. పండు లేదు, గింజే ఉంది! గింజ పెరిగినంక దాని పైనున్న కాడ ఉబ్బి, ఎర్రబడి, పండైంది. కాజు అన్నమాట. జీడిమామిడి. మనం పండు అనుకునేది ఉబ్బిన కాడ. అసలు కాయ కింద వేలాడేదే. మామిడి కుటుంబమే గానీ పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన పడమటి తీరానికి తెచ్చారు.

మీలో ఎంతమంది ఈ చెట్టును చూశారు? చేతులెత్తండి. అదిగో, తినేవాళ్లను అడిగితే హాలంతా లేచేది!

ఒకరోజు పక్కింటి పిల్లగాడు పచ్చి గింజను పళ్లతో కొరికాడు. పెదవులు వాచాయి, మూతి చుట్టూ బొబ్బలు. వాడకట్టంతా మా గేటు ముందే. ‘సార్, ఆ విషపు చెట్టు కొట్టించండి.’ మా బావమరిది గొడ్డలే పట్టుకొచ్చాడు. దావత్‌లో డబల్ కా మీఠా మీది కాజులు ఏరుకుని తినేది ఆయనే!

చెట్టు చేసిన తప్పేంటి? ఆ పెంకులో ఒళ్లు కాల్చే నూనె ఉంటుంది. దాన్ని బ్రేక్ లైనింగుల్లో, రంగుల్లో వాడతారు. పలాసలో గింజల్ని వేడి చేసి, పెంకు కొట్టి, పొట్టు తీసి మనకు పప్పు పంపుతారు. ఆ పెంకు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఎప్పుడైనా చూశారా? కిలో రేటు చూసి అబ్బో అంటాం గానీ... సరే, వదిలేయండి. ఇంట్లో మాత్రం పచ్చి గింజ కొట్టకండి, పొయ్యిలో వేయకండి. పొగ కూడా మంచిది కాదు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి. చెప్పకుండా చెట్టును కొట్టేస్తారా?

మన ఎర్రచెల్కల్లో నీళ్లు నిలవకపోతే చాలు, బాగానే వస్తుంది. విత్తనం కాదు, అంటు మొక్క తెచ్చుకోండి. ఏడెనిమిది మీటర్ల జాగా కావాలి. చిన్న పెరడైతే ఆశ వదులుకోండి.

చీటీ వచ్చింది. ఎరువుల సంగతి తర్వాత మాట్లాడే సోదరుడు చెబుతారు. ఎండాకాలం మా ఇంటికి రండి, పండు కోసి ఉప్పు అద్ది ఇస్తాను, వగరు తగ్గుతుంది. తెల్లచొక్కాతో మాత్రం రాకండి, రసం పడితే మరక పోదు.