మోసే తల్లి మాటేమిటి?

మిత్రులారా, పశువైద్యులు కాబోతున్న విద్యార్థులారా,

1996 జూలై 5న పుట్టిన డాలీ అనే క్లోన్ గొర్రె మీ అందరికీ తెలుసు. దాని కోసం ప్రయోగశాలలో 277 అండాలను సిద్ధం చేశారు. పిండాలై గర్భంలోకి చేరినవి 29, బతికి బట్టకట్టింది ఒక్కటి. ఆ 29 పిండాలను 13 గొర్రెల గర్భాల్లో ఉంచారు. వాటి గురించి మనమెన్నడైనా మాట్లాడుకున్నామా?

న్యాయస్థానాలూ మాట్లాడలేదు. డాలీ వంటి క్లోన్ మరో గొర్రెకు జన్యుపరంగా నకలే కనుక పేటెంట్ చెల్లదని 2014లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. నాకు ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. కానీ వాదమంతా హక్కు ఎవరిదన్న దాని చుట్టూనే తిరిగింది. వీర్యం, అండం, పిండం అన్నీ చట్టం దృష్టిలో ఆస్తులే. ఆస్తికి నొప్పి ఉండదు కదా!

1962లో పుట్టిన పావ్నీ ఫార్మ్ అర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ పాడిజాతి ఆబోతుకు కృత్రిమ గర్భధారణ ద్వారా సుమారు 16,000 ఆడదూడలు పుట్టాయి. పాల దిగుబడి పెరిగింది. దాని జన్యువుల్లో దాగిన ఒక లోపం కూడా తరతరాలకు పాకింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ లోపమే అందిన పిండం కడుపులోనే చనిపోతుంది. అలా ప్రపంచమంతటా 5 లక్షలకు పైగా గర్భస్రావాలు జరిగాయని అంచనా. ఎవరూ చట్టం మీరలేదు. నన్ను కలవరపెట్టేది అదే.

ఇక కెన్యాకు వెళదాం. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల్లో ఇద్దరే మిగిలారు, నాజిన్, ఆమె కూతురు ఫాతు. (ఇద్దరు అనే అంటాను, క్షమించండి.) ఇద్దరూ గర్భం మోయలేరు. అందుకే మత్తిచ్చి అండాలు సేకరించి, ఎప్పుడో భద్రపరచిన వీర్యంతో ప్రయోగశాలలో ఫలదీకరణ చేస్తున్నారు. 2021లో పరిశోధకులు ఒక ప్రశ్న వేసుకున్నారు: 32 ఏళ్ల నాజిన్‌కు ఇంకా ఎన్నిసార్లు మత్తివ్వాలి? ఆమె అండాల్లో ఒక్కటీ పిండం కాలేదు, వయసు మీద పడింది. జాతి అంతరించే అంచున ఉన్నా, ఉన్న ఇద్దరు దాతల్లో ఒకరిని వదులుకోవడానికే సిద్ధపడి నాజిన్‌ను తప్పించారు. ఆ నిర్ణయం ఏ చట్టమూ చెప్పి చేయించినది కాదు, ముందే పెట్టుకున్న నైతిక సమీక్ష చేయించింది.

అలాంటి సమీక్ష పాడిపశువుకూ, పందెపు గుర్రానికీ, పెంపుడు కుక్కకూ ఎందుకుండకూడదు? ఒక్కో జంతువుకు ఎన్ని హార్మోన్ ఇంజెక్షన్లు, ఎన్నిసార్లు మత్తు, ఎప్పుడు ఆపాలి అన్నవి ముందుగానే కాగితం మీద ఉండాలని, ఆ కాగితం లేకుండా పిండ మార్పిడి, అంటే ఒక తల్లి పిండాన్ని మరో తల్లి గర్భంలో పెట్టడం, జరగకూడదని నేను కోరుతున్నాను. ఫాతు పిండాన్ని రేపు మోయబోయేది దక్షిణాది తెల్ల ఖడ్గమృగం. 16 నెలల గర్భం. ఆ 16 నెలలూ ఆ తల్లి తరఫున అడగవలసినవారు మీరే.