కుండీలో మట్టా, జాడీలో నీళ్లా? ముందు ఏం పెంచుతారో చెప్పండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ మిమ్మల్ని మా కిటికీ దగ్గరికి తీసుకొచ్చాను. ఇంట్లో మొక్కలు పెంచాలన్న ఆలోచన వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: హైడ్రోపోనిక్స్, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచే కిట్ కొనమంటారా, మట్టితోనే మొదలుపెట్టమంటారా? ఏం పెంచుదామనుకుంటున్నారని తిరిగి అడిగితే చాలామంది తడుముకుంటారు. మొక్క ఏదో తేలితే పద్ధతి దానంతట అదే తేలిపోతుందండీ. అందుకే ఈ వీడియోలో ఏది గొప్పదన్న పంచాయితీ పెట్టను.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఇది మామూలు గాజు జాడీ. పైన నెట్ పాట్, అంటే చిల్లులున్న చిన్న కుండీ, అందులో ఒక లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) మొక్క. మోటారు లేదు, కరెంటు లేదు. దీన్ని క్రాట్కీ పద్ధతి అంటారు. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ పేరు మీద వచ్చింది. ఇప్పుడు నెట్ పాట్ మెల్లగా పైకెత్తుతాను. కింది వేర్లు పొడవుగా, తెల్లగా నీళ్లలో వేలాడుతున్నాయి. పైభాగం మాత్రం నీళ్లకు తగలడం లేదు, సన్నటి నూగుతో గాలిలోనే ఉంది. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగి, అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోని గాలి నుంచే వేర్లకు ఆక్సిజన్ అందుతుంది. కాబట్టి నీళ్లు తగ్గాయి కదా అని మళ్లీ అంచుదాకా నింపకండి. గాలికి అలవాటుపడ్డ వేర్లు మునిగితే మొక్క డీలా పడిపోతుంది. పోయాల్సి వస్తే సగం వరకే పోయండి.

చుట్టూ ఈ నల్ల కాగితం అందానికి కాదు. వెలుతురు తగిలితే పోషకాలు కలిపిన నీళ్లలో పాచి పడుతుంది. ఇంట్లో వేడి ఎక్కువగా ఉంటే ఇంకో ఇబ్బంది. నీళ్లు 25 డిగ్రీలు దాటేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గి, వేరుకుళ్లు పట్టే అవకాశం పెరుగుతుంది. వేర్లు గోధుమరంగుకి మారి జిగురుగా, వాసన వస్తుంటే అదేనని అర్థం. హీటర్ పక్కన జాడీ పెట్టకండి.

ఇక పోషకాల సంగతి. గాలి, నీళ్ల నుంచి వచ్చే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పోగా మొక్కకి మరో 14 మూలకాలు కావాలి. నీళ్లలో పెంచేటప్పుడు అవన్నీ మనమే ఇవ్వాలి, ఒక్కటి తక్కువైనా చూసీచూడనట్టు ఊరుకునేవాళ్లు ఎవరూ ఉండరక్కడ. ఈ పోషకాల ద్రావణం ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తుంది చూశారా? కాల్షియం, సల్ఫేట్ చిక్కగా ఒకచోట కలిస్తే జిప్సంగా మారి అడుగున పేరుకుంటాయి. మొక్కకి అందవు. అందుకే ముందు నీళ్లలో ఏ కలిపి, బాగా తిప్పి, ఆ తర్వాతే బీ పోయాలి.

నీళ్ల పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలత, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. మీ కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువైతే పీహెచ్ పైకి పోతూ ఉంటుంది. అప్పుడు ఇనుము నీళ్లలో ఉన్నా మొక్క తీసుకోలేదు. కొత్త ఆకులు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఖరీదైన మీటరు అక్కర్లేదు, రంగు మారే చుక్కల మందు చాలు.

మట్టి ఇంత కచ్చితంగా ఉండదు. ఎరువు కాస్త ఎక్కువైనా తక్కువైనా, పోషకాలను తనలో పట్టి ఉంచుకుని మెల్లగా వదులుతుంది. పీహెచ్ కూడా ఉన్నపళంగా మారదు. ఓ రోజు మర్చిపోయినా సర్దుకుపోయే పెద్దమ్మ లాంటిది మట్టి. అయితే పెరట్లో తవ్విన మట్టిని కుండీలో నింపకండి, నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి గట్టిపడి వేర్లకు గాలి ఆడదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్ట్, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిసిన పాటింగ్ మిక్స్ వాడండి. కుండీకి అడుగున రంధ్రం ఉండి తీరాలి.

మట్టిలో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. కుండీని ఇలా రెండు చేతులతో ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. తడి కుండీ బరువు చేతికి తెలిసిపోతుంది. తేలిగ్గా ఉంటేనే పోయండి. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటే నుసుముల్లాంటి చిన్న నల్ల ఈగలు చేరి ఇల్లంతా తిరుగుతాయి. పైన ఒక అంగుళం మందం ఆరనిస్తే, పసుపు రంగు జిగురు అట్టలు గుచ్చితే తగ్గుతాయి. అపార్ట్‌మెంట్‌లో నన్ను బాగా విసిగించేది ఈ ఈగలే, నిజం చెప్తున్నా.

"హైడ్రోపోనిక్స్‌లో దిగుబడి ఎన్నో రెట్లు" అనే మాట వింటుంటాం కదా. ఈ మాట ఇవాళ్టిది కాదు. 1930ల్లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరికీ అనే శాస్త్రవేత్త నీళ్లలో చెట్లంత టమాటా మొక్కలు పెంచితే జనం ఎగబడ్డారు. అదే విశ్వవిద్యాలయంలో హోగ్లాండ్, ఆర్నాన్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు పరీక్షించి 1938లో తేల్చిందేమిటంటే, మంచి మట్టిలో వచ్చే దిగుబడికీ దీనికీ పెద్ద తేడా లేదని. ఇంట్లో కిటికీ పక్కన అయితే తేడా తెచ్చేది వెలుతురే. చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటితే చీకటిపడే చలిదేశాల్లో బతికే మనలాంటివాళ్లకి ఇది మరీ ముఖ్యం. నారు సన్నగా సాగి పక్కకి వాలుతోందంటే మట్టినీ నీళ్లనీ తిట్టి లాభం లేదు. ఆకుకూరలకి రోజుకి 12 నుంచి 16 గంటలు గ్రో లైట్, అంటే మొక్కలు పెరగడానికి వాడే లైటు వేయండి. డబ్బు పెట్టాలంటే కిట్ కన్నా ముందు లైటు మీద పెట్టండి.

ఇప్పుడు మొక్కల దగ్గరికొద్దాం. లెట్యూస్, బేసిల్, పుదీనా అయితే నీళ్లలో హాయిగా పెంచుకోండి, లెట్యూస్ నాటాక ఆరేడు వారాల్లోపే కోతకొస్తుంది. ముల్లంగి, క్యారెట్ మట్టిలోనే వేయండి. కొత్తిమీర, మెంతి కూడా నేనైతే మట్టిలోనే చల్లుతాను, వాటిని పీకి వేరేచోట నాటితే అలుగుతాయి. కరివేపాకు లాంటి ఏళ్లతరబడి ఉండే మొక్కకి కూడా కుండీయే నయం. టమాటా, మిరప రెండింట్లోనూ కాస్తాయి కానీ, నీళ్లలో అయితే పెద్ద తొట్టి, ఎయిర్ పంప్, రోజూ కాస్త కాపలా కావాలి. కొత్తవాళ్లకి అది టెన్షన్. పైపుల్లో నీళ్లు పారే రకం సెటప్ అయితే కరెంటు పోయిన కొన్ని గంటల్లోనే వేర్లు ఎండిపోతాయి. నన్ను అడిగితే మొదటి ఏడాది దాని జోలికి వెళ్లొద్దంటాను.

ఎటూ తేల్చుకోలేకపోతే ఒక జాడీలో లెట్యూస్, ఒక కుండీలో మెంతి ఒకేసారి వేయండి. లెట్యూస్ కోసేశాక జాడీలో కొంచెం ద్రావణం మిగులుతుంది. దాన్ని సింకులో పారబోయకండి. దానికి సమానంగా మంచినీళ్లు కలిపి పక్కనున్న మెంతి కుండీలో పోసేయండి, ఆ వారానికి వేరే ఎరువు అక్కర్లేదు. జాడీ సబ్బుతో కడిగి, బాగా ఆరాక కొత్త నారు పెట్టుకోవచ్చు.