పి53ను కణం ఎలా అదుపు చేస్తుంది, మందు ఎక్కడ పట్టు దొరకబుచ్చుకుంటుంది

నమస్కారం. క్యాన్సర్ గురించి చదివేవాళ్లకు పి53 అనే ప్రోటీన్ పేరు చాలా తొందరగా పరిచయమవుతుంది. ‘కణానికి కాపలాదారు’ అని ఒక్క ముక్క రాసుకుని ముందుకు వెళ్లిపోతుంటారు. అక్కడితో ఆగితే మందులు ఎలా పనిచేస్తాయో ఎప్పటికీ అర్థం కాదు. ఎందుకంటే ఆ కాపలాదారును కణమే అనుక్షణం చంపుతూ ఉంటుంది.

తెర మీద ఉన్న కణాన్ని చూడండి. ఇది ఆరోగ్యంగా ఉంది. ఇందులో పి53 తయారీ ఎప్పుడూ ఆగదు. అయినా వెతికితే అంతంతమాత్రంగానే కనిపిస్తుంది. తయారైన అణువుల్లో సగం సుమారు 20 నిమిషాల్లోనే మాయమవుతాయి. ఆ పని చేయించేది ఎండీఎం2 అనే మరో ప్రోటీన్. అది పి53ను పట్టుకుని, యుబిక్విటిన్ అనే బుల్లి ప్రోటీన్లను గొలుసులా తగిలిస్తుంది. గొలుసు పడిన అణువును ప్రోటియజోమ్ అనే కణంలోని యంత్రం తనలోకి లాక్కుని ముక్కలు చేస్తుంది.

చేయడం ఎందుకు, చంపడం ఎందుకు అనిపిస్తుంది కదా? వేగం కోసం. డీఎన్‌ఏ తెగిందనుకోండి, ఏటీఎం, సీహెచ్‌కే2 అనే ఎంజైములు పి53 మొదటి కొసలోని 15, 20 స్థానాల్లో ఫాస్ఫేట్లు అతికిస్తాయి. ఎండీఎం2 పట్టు సడలుతుంది. తయారీ ఎలాగూ నడుస్తోంది కాబట్టి, నాశనం ఆగగానే పి53 పోగుపడుతుంది. నాలుగేసి అణువులు జట్టు కట్టి డీఎన్‌ఏ మీద కూర్చుని పి21 జన్యువును మేల్కొలిపితే కణ విభజన ఆగుతుంది. దెబ్బ బాగుచేయలేనిదైతే పూమా, బాక్స్ జన్యువుల ద్వారా కణం తనను తానే చంపుకుంటుంది.

పి53 మేల్కొలిపే జన్యువుల్లో ఎండీఎం2 జన్యువు కూడా ఉంది. అంటే తనను చంపేదాన్ని తానే పిలిపించుకుంటుంది. ఇది పొరపాటు కాదు, కళ్లెం. ఎలుకల్లో ఎండీఎం2 జన్యువును తీసేస్తే పిండం తొలి రోజుల్లోనే చనిపోతుంది. దాంతోపాటు పి53నీ తీసేస్తే ఎలుక పిల్ల బతికి పుడుతుంది. 1995లో వచ్చిన ఈ ఫలితం నాకెంతో ఇష్టం. కళ్లెం లేని పి53 ఎంత ప్రమాదమో ఇంతకంటే స్పష్టంగా చూపించడం కష్టం.

ఇప్పుడు పి53, ఎండీఎం2 ఎక్కడ అతుక్కుంటాయో దగ్గరగా చూద్దాం. ఇక్కడ వీడియోను కాసేపు ఆపి బొమ్మను గమనించండి. పి53లో 393 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు, వరుసగా ఉన్నాయి. మనకు కావలసినవి మూడే: 19వ స్థానంలో ఫీనైల్అలనిన్, 23లో ట్రిప్టోఫాన్, 26లో ల్యూసిన్. మూడూ నీటికి దూరంగా ఉండేవే. ఆ భాగం మెలి తిరిగినప్పుడు మూడూ ఒకే వైపుకు వచ్చి, ఎండీఎం2 మీద ఉన్న లోతైన గాడిలో మూడు వేళ్లలా దిగుతాయి. 1996లో స్ఫటిక నిర్మాణం ఈ గాడిని బయటపెట్టింది. ప్రోటీన్లు ఒకదానినొకటి పట్టుకునే చోట్లు చాలావరకు చదునుగా ఉంటాయి, చిన్న మందుకు పట్టు దొరకదు. ఇక్కడ దొరికింది. 2004లో వెలువడిన నట్లిన్‌లు అనే చిన్న అణువులు ఆ మూడు వేళ్లనూ అనుకరిస్తూ గాడిని ముందే ఆక్రమిస్తాయి. పి53కి చోటుండదు, కాబట్టి చావూ ఉండదు.

అయితే కణితిలోని పి53 మార్పు లేకుండా ఉంటేనే ఈ ఉపాయం పారుతుంది. ఎండీఎం2 జన్యువు నకళ్లు విపరీతంగా పెరిగిపోయే కొన్ని లైపోసార్కోమాల (కొవ్వు కణజాలపు క్యాన్సర్ల) వంటివి దీనికి సరైన ఉదాహరణలు. ఒక చిక్కు మాత్రం వదలదు. ఈ మందుకు కణితి కణమూ మంచి కణమూ ఒకటే. ఎముక మజ్జలోనూ పి53 పెరుగుతుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే మోతాదుల మధ్య విరామం ఇచ్చే పద్ధతులను పరీక్షించారు.

మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో పి53 జన్యువే మారిపోయి ఉంటుంది. అక్కడ ప్రోటీన్‌కు కొరత లేదు, తరచూ కుప్పలుగా పేరుకుని ఉంటుంది, పని మాత్రం చేయదు. 1979లో కనుగొన్నాక పదేళ్లపాటు పి53నే క్యాన్సర్ కారకమని నమ్మడానికి ముఖ్య కారణం కూడా ఇదే: ప్రయోగశాలల్లో వాడిన నకళ్లు ఈ చెడిపోయిన రకానివి. ఇలాంటి చోట ఎండీఎం2ను అడ్డుకుని లాభం లేదు, ప్రోటీన్‌నే సరిచేయాలి.

చివరి బొమ్మ చూడండి. 220వ స్థానంలో పెద్ద టైరోసిన్ పోయి చిన్న సిస్టీన్ వచ్చింది. ఈ మార్పు పేరు వై220సి: వై అంటే టైరోసిన్, సి అంటే సిస్టీన్. పెద్దది పోయిన చోట ఉపరితలం మీద గుంత మిగిలింది, ప్రోటీన్ వదులై శరీర ఉష్ణోగ్రత దగ్గరే విప్పుకుపోతోంది. రెజటాపాప్ట్ అనే అణువు సరిగ్గా ఆ గుంతలో ఇమిడి ఆకారాన్ని నిలబెడుతుంది. పక్కనున్నది ఆర్273హెచ్. దీని ఆకారం దాదాపు చెక్కుచెదరలేదు, డీఎన్‌ఏను పట్టుకునే ఆర్జినిన్ పోయిందంతే. పూడ్చడానికి ఇక్కడ గుంతే లేదు. అందుకే జన్యు పరీక్ష రిపోర్టులో ‘పి53లో మార్పు ఉంది’ అన్న మాట సరిపోదు. దాని పక్కనున్న అక్షరాలూ అంకెలూ చదవాలి.