తట్ట దించి కూర్చున్న వేళ

శ్రోతలకు నమస్కారం.

తెలుగులో ‘ఆదరణ’ అనే మాట ఒకటుంది. ఎవరైనా అలసిపోయి ఇంటికొస్తే, ముందు కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిస్తాం. కూర్చోబెట్టి ఇంత అన్నం పెడతాం. ఆ తర్వాతే ‘ఇప్పుడు చెప్పు, ఏమిటి సంగతి’ అని అడుగుతాం. ఆదరించడమంటే అదీ. తెలుగు బైబిలులో పరిశుద్ధాత్మకు ఇచ్చిన పేరు కూడా ఈ మాటలోంచే వచ్చింది: ఆదరణకర్త. దానికి మూలమైన గ్రీకు మాటకు ‘పక్కకు పిలిపించుకున్నవాడు’ అని అర్థం. పిలిస్తే వచ్చి పక్కన కూర్చునేవాడన్నమాట.

కష్టంలో, భయంలో ఉన్నవాళ్ళకు విశ్వాసం ఎలా ఆదరణ ఇస్తుందని చాలామంది అడుగుతుంటారు. దానికి పెద్ద పెద్ద జవాబులున్నాయి. ఈవేళ వాటి జోలికి పోను. ఒక కాలువ గట్టు గురించి చెబుతాను, ఆ తర్వాత ఆసుపత్రి మంచం పక్కన మనం చేయగలిగిన పని గురించి చెబుతాను.

1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా కరువు. మన పెద్దలు ధాత కరువు అన్నది దాన్నే. వానలు లేవు, పశువులు చచ్చాయి, ధాన్యం ధర అందకుండా పోయింది, వెనకాలే కలరా వచ్చింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. సముద్ర తీరం వెంట పడవలు నడిచేలా తవ్వించిన బకింగ్‌హామ్ కాలువ ఆ పనుల్లో ఒకటి. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి పెట్టారు.

ఒంగోలులో అప్పుడు జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మిషనరీ కాకముందు తన దేశంలో భూములు కొలిచే సర్వే పని చేసిన మనిషి. ఆకలితో వచ్చినవాళ్ళకు ఊరికే గింజలు పంచి పంపితే ఎన్నాళ్ళు సాగుతుంది? అందుకని ఆయన ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వచ్చినవాళ్ళకు పని, పనికి కూలి. మేస్త్రీలుగా తన దగ్గరున్న తెలుగు బోధకులనే పెట్టాడు. ఒక్కొక్కరి కింద ఓ వంద మంది కూలీలు.

ఆ బోధకుల్లో చాలామంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. తవ్వుతున్నవాళ్ళలోనూ ఎక్కువమంది ఆ పల్లెలవాళ్ళే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ గట్టును ఒక్కసారి కళ్ళముందుకు తెచ్చుకోండి. మగవాళ్ళు పలుగుతో పొడుస్తారు, పారతో ఎత్తుతారు. ఆడవాళ్ళు నెత్తిన గుడ్డచుట్ట పెట్టుకుని మట్టి తట్ట ఎత్తుకుంటారు. లోతు పెరిగేకొద్దీ గట్టు కూడా ఎత్తు పెరుగుతుంది. అంటే మొదట్లో పది అడుగులు ఎక్కిన మనిషి, రోజులు గడిచేకొద్దీ అదే తట్టతో ఇంకా పైకి ఎక్కాలి. కడుపులో సత్తువ లేని ఒళ్ళు. మెడ నరాలు లాగేస్తుంటాయి. మధ్యాహ్నం కాసేపు పని ఆగుతుంది. తట్ట దించుతారు, కూర్చుంటారు.

అప్పుడు బోధకుడు కూడా వాళ్ళ మధ్య కూర్చునేవాడు. వాళ్ళ బాధలు వినేవాడు. విన్నాక ఒక వాక్యం చెప్పేవాడు. మత్తయి సువార్త 11వ అధ్యాయం, 28వ వచనం.

‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును.’

ప్రయాసపడి. భారము మోసికొనుచున్న. ఈ మాటలు మనం గుడిలో ఫ్యాను కింద కూర్చుని వింటే ఒకలా ఉంటాయి. కానీ అక్కడ విన్న మనిషి పక్కనే తట్ట ఉంది. నెత్తిమీద ఆ బరువు ఇంకా దిగినట్టే లేదు. ‘ఈ మాట నన్ను గురించేనా?’ అని ఆ మనిషికి అనిపించకుండా ఎలా ఉంటుంది? పుట్టినప్పటి నుంచి ‘దూరంగా నిలబడు’ అన్నవాళ్ళే తప్ప ‘నా యొద్దకు రండి’ అన్నవాడు లేడు. ఆ వాక్యంలో నన్నడిగితే విశ్రాంతి కంటే ముందు తగిలేది ఆ పిలుపే. నా యొద్దకు రండి.

అక్కడ జరిగిన పనిని జాగ్రత్తగా చూడండి. ముందు కూలి దొరికింది, గంజి కాగింది. తర్వాత తమవాడే ఒకడు పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత చిన్న వాక్యం. ఈ వరస తిరగబడితే ఆదరణ ఉండదు. ఆకలితో ఉన్నవాడికి ముందు వాక్యం చెప్పి, తర్వాత చూద్దాంలే అంటే అది చెవికి ఎక్కదు.

ఇంకో సంగతి. కరువు నడుస్తున్న రోజుల్లో ఎంతమంది అడిగినా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. 15 నెలలపాటు ఆపేశాడు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, వచ్చినవాళ్ళు కూడా తమ మనసు తాము తేల్చుకోవాలని. కరువు సాయం అయిపోయాకే తలుపు తీశాడు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. ఈ అంకెను చాలామంది గొప్పగా చెబుతారు. నాకు దానికంటే ఆ 15 నెలల ఆగడమే పెద్దదిగా కనిపిస్తుంది. భయంలో ఉన్న మనిషి దగ్గర ఏ మాటా రాబట్టుకోకుండా ఆదరించడం ఎంత కష్టమో, ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక మంచం పక్కకు వద్దాం.

మనకు తెలిసినవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారు. రేపు ఆపరేషను. లేదా రిపోర్టు కోసం చూస్తున్నారు. మనం బైబిలు పట్టుకుని బయల్దేరతాం. మంచిదే. చేతిలో ఇంకొకటి కూడా పట్టుకోండి: క్యారియరు. రోగికి ఆసుపత్రివాళ్ళు పథ్యం చెబుతారు. పక్కన కూర్చున్న భార్యకో కొడుకుకో ఎవరూ ఏమీ చెప్పరు. రెండు రోజులుగా టీ, బన్ను మీద ఉంటారు. ముందు వాళ్ళ చేత తినిపించండి. వీలైతే ‘నేను కూర్చుంటాను, మీరు ఓ గంట పడుకోండి’ అనండి. బైబిలులో ఏలీయా ప్రవక్త భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ఉపదేశం చేయలేదు. తల దగ్గర కాల్చిన అప్పం, నీళ్ళబుడ్డి పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు అతనితో కొండ దగ్గర మెల్లగా మాట్లాడింది ఆ తర్వాతెప్పుడో.

మంచం దగ్గర నిలబడి మాట్లాడకండి. పడుకున్న మనిషికి నిలబడ్డవాడు పైనుంచి మాట్లాడినట్టుంటుంది. స్టూలు లాక్కుని, కళ్ళు కళ్ళకు సమానంగా వచ్చేలా కూర్చోండి. కూర్చున్నాక వెంటనే బైబిలు తెరవకండి. అడగండి, వినండి. ‘భయంగా ఉంది’ అంటే ‘భయపడకు’ అని అడ్డు తగలకండి. ‘దేన్ని తలుచుకుంటే ఎక్కువ భయమేస్తోంది?’ అని అడగండి. మత్తు అంటే భయమా, పిల్లల సంగతా, అప్పా? పేరు పెట్టిన భయం, పేరు పెట్టని భయం కంటే కొంచెం చిన్నదవుతుంది. ప్రార్థనలో ఆ పేరే చెప్పాలి కూడా.

ఇప్పుడు వాక్యం. ఒక్కటే వాక్యం. అధ్యాయాలు వద్దు. భయంలో మనసు పొడవైనదాన్ని పట్టుకోలేదు. నాలుగో వచనానికి వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. ఆ కాలువ గట్టు వాక్యాన్నే తీసుకోండి. దాన్ని మూడు ముక్కలు చేయండి. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా’ – ఆగండి, ఒక శ్వాస. ‘నా యొద్దకు రండి’ – మళ్ళీ ఒక శ్వాస. ‘నేను మీకు విశ్రాంతి కలుగజేతును.’ ఇలా మూడుసార్లు, తొందర లేకుండా. రెండోసారికే చాలామంది పెదవులు కదుపుతారు. మూడోసారి మీరు ఆపేసినా వాళ్ళు పూర్తి చేస్తారు. వెళ్ళేముందు ఆ వాక్యాన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కళ్ళద్దాలు లేకుండా కనిపించేలా మంచం పక్కన పెట్టండి. ఎందుకంటే మీరు అక్కడ ఉన్నప్పుడు భయం రాదు. రాత్రి రెండు గంటలకు వస్తుంది.

ప్రార్థన రెండు నిమిషాలు చాలు. పక్క మంచాలవాళ్ళూ రోగులేనని మరిచిపోవద్దు, గొంతు తగ్గించండి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ‘నీ జీవితంలో ఏదో పాపం ఉండుంటుంది’ అనడంతో చెడుతుంది. ‘విశ్వాసం చాలలేదు’ అనడంతో చెడుతుంది. ‘బాగైతే ఇది చేస్తానని మొక్కుకో’ అని మాట తీసుకోవడంతో చెడుతుంది. ‘మందులు మానెయ్, దేవుడున్నాడు’ అనడంతో అన్నిటికంటే ఘోరంగా చెడుతుంది. సువార్త రాసిన లూకాను పౌలు ‘ప్రియుడైన వైద్యుడు’ అని పిలిచాడు. కడుపు జబ్బున్న తిమోతికి ఏం పుచ్చుకోవాలో ఉత్తరంలో రాశాడు. బైబిలులో అన్నీ పోగొట్టుకుని కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు. అంతవరకూ వాళ్ళు చేసింది ఎంతో గొప్ప పని. నోరు తెరిచి ‘నీ పాపమే కారణం’ అన్నాకే పాడైంది.

ఇంతవరకూ పక్కన మనిషి ఉన్నప్పటి సంగతి. ఎవరూ లేని రాత్రి మాటేమిటి? దానికి 13వ కీర్తన ఉంది. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో ‘ఎన్నాళ్ళు, ఎంతకాలం’ అంటూ మళ్ళీ మళ్ళీ అడుగుతాడు కీర్తనకారుడు. దేవుణ్ణే నిలదీస్తాడు: నన్ను మరిచిపోయావా, మొహం తిప్పుకున్నావా? తర్వాతి రెండింటిలో తనకేం కావాలో అడుగుతాడు. చివరి రెండింటిలో ‘నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను’ అంటాడు. నిద్రపట్టని రాత్రి ఇదే వరసలో మీ సొంత మాటల్లో చెప్పుకోండి. ముందు ఫిర్యాదు, తర్వాత మనవి, ఆఖరున నమ్మకం. చాలామంది మొదటి మెట్టు దాటేస్తారు. దేవుణ్ణి అలా అడగవచ్చా అని భయం. అడగవచ్చు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. మొదటి మెట్టు ఎక్కకుండా చివరి మెట్టు మీద నిలబడాలని చూస్తే, నోటితో స్తోత్రం, కడుపులో వణుకు – రెండూ అలాగే ఉండిపోతాయి. ఒక రాత్రి ఫిర్యాదు దగ్గరే ఆగిపోయినా ఫరవాలేదు. ఆ ఫిర్యాదూ ఆయన చెవిలోనే పడింది.

మరి ప్రార్థనే రాని రోజు? నోట మాటే రాని రోజు? ఆ రోజులుంటాయి. మార్కు సువార్త రెండో అధ్యాయంలో ఒక పక్షవాత రోగిని నలుగురు మంచంతో మోసుకొస్తారు. జనం అడ్డం. ఇంటి కప్పు విప్పి, మంచాన్ని లోపలికి దింపుతారు. అప్పుడు యేసు ‘వారి విశ్వాసము చూచి’ అని రాసుంది. వారి విశ్వాసం. ఆ రోగి ఒక్క మాట మాట్లాడినట్టు అక్కడ లేదు. మంచానికి నాలుగు మూలలు, నలుగురు మనుషులు.

మీ సంఘంలో ఎవరైనా ఇలా పడిపోతే, మొదటి రోజు నలభై మంది వెళతారు. పదో రోజు ఎవరూ ఉండరు. కాబట్టి మొదటి రోజే నలుగురు కూర్చుని మూలలు పంచుకోండి. ఒకరు రోజూ మధ్యాహ్నం భోజనం. ఒకరు మందుల చీటీ, డబ్బు కట్టే కౌంటరు, రక్తం కావాలంటే దాతలు. ఒకరు రాత్రి కాపలా. నాలుగోవారు రోజూ ఒకే వేళకు వచ్చి స్టూలు లాక్కుని కూర్చోవడం, ఆ మూడు ముక్కల వాక్యం మెల్లగా చెప్పడం. వేళ మాత్రం తప్పకండి. సాయంత్రం ఐదంటే ఐదే. నాలుగున్నర నుంచే ఆ మనిషి తలుపు వైపు చూస్తుంటారు.