పటేల్: పల్లెటూరి హోదా బ్రిటన్‌లో ఇంటిపేరైన తీరు

సభకు నమస్కారం.

బ్రిటన్‌లో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లు వరుసగా రాస్తే స్మిత్, జోన్స్, విలియమ్స్, టేలర్, బ్రౌన్ ముందుంటాయి. ఆ వరుసలో మొదటి యాభైలోనే పటేల్ వస్తుంది. ఇంచుమించు లక్షమంది. లండన్ ఒక్కదాన్నే తీసుకుంటే ఇంకా చాలా పైకి ఎక్కుతుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ భూగోళ శాస్త్రవేత్తలు 1881 జనగణననూ 1998 ఓటర్ల జాబితానూ పక్కపక్కన పెట్టి ఇంటిపేర్ల పటాలు తయారుచేశారు. 1881 పటంలో పటేల్‌కు చోటు లేదనే చెప్పాలి. 1998 పటంలో వాయవ్య లండన్, లెస్టర్, లాంకషర్ మిల్లుల ఊళ్ళు ముదురు రంగులో ఉంటాయి. ఈ రెండు పటాల మధ్య ఏం జరిగిందన్నదే ఈ ప్రసంగం.

ముందు మాట సంగతి. తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళకు ఇది చెవికి కొత్త కాదు. నిజాం రాజ్యంలో ఊరికి ముగ్గురు అధికారులు ఉండేవారు. శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, శాంతిభద్రతలు పోలీస్ పటేల్‌వి, లెక్కలు పట్వారీవి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆంధ్ర ప్రాంతపు కరణం, మునసబులతో పాటు ఈ పదవులనూ రద్దు చేసింది. పదవి పోయినా 'పటేలా' అనే పిలుపు ఊళ్ళల్లో మిగిలింది. గుజరాత్ పటేల్, మరాఠీ, కన్నడ నేలల పాటీల్, మన పటేలు ఒకే మూలం నుంచి వచ్చినవే. మధ్యయుగపు రాగి శాసనాల్లో కనిపించే 'పట్టకిల' అనే సంస్కృత పదానికి గ్రామపెద్ద అని అర్థం. పట్టా ఉన్నవాడు, అంటే భూమి లెక్కలకు బాధ్యుడు.

మరి ఒకే హోదా గుజరాత్‌లో ఇంటిపేరు ఎందుకైంది, తెలంగాణలో ఎందుకు కాలేదు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. మనకు ఇంటిపేరు ముందే ఉంది, అదీ పేరుకు ముందు నిలిచి గట్టిగా పాతుకుపోయింది. హోదా పేరు చివర తోకగా చేరింది, అంతే. గుజరాత్‌లో వరుస వేరు. ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర 'అటక్', అంటే ఇంటిపేరు. వల్లభ్‌భాయ్ ఝవేర్‌భాయ్ పటేల్ అన్నది సరిగ్గా ఆ నమూనా. అప్పటి ఖేడా జిల్లాలోని చరోతర్ నేల మీద ఆ చివరి గడిని హోదా ఆక్రమించింది.

దాని వెనుక భూమి పద్ధతి ఉంది. చరోతర్‌లోని చాలా గ్రామాల్లో 'నర్వా' అనే ఏర్పాటు నడిచేది. ఊరి మొత్తం శిస్తు ఒకే ముద్దగా నిర్ణయిస్తే, కొన్ని కుటుంబాలు దాన్ని వాటాలుగా పంచుకుని చెల్లించేవి. ఆ వాటా పేరు 'పాటి', వాటాదారు పాటీదార్. అంతకుముందు కణబీలు అని పిలిపించుకున్న వ్యవసాయదారులు క్రమంగా పాటీదార్లమని చెప్పుకున్నారు. 1931 జనగణన నాటికి ప్రభుత్వ కాగితాల్లోనూ ఆ పేరు స్థిరపడింది. గ్రామపెద్దకు ఒక్కడికే చెందిన 'పటేల్' వాటాదారులందరి గౌరవనామమైంది. బడి రిజిస్టర్లో, కచేరీ కాగితంలో, ఆ తర్వాత పాస్‌పోర్టులో అదే ఎక్కింది.

అందువల్ల పటేల్ ఒక వంశం పేరు కాదు. ఇద్దరు పటేళ్ళు కలిస్తే చుట్టాలు కానక్కరలేదు. పాటీదార్లలోనే లేవువా, కడవా అనే ప్రధాన శాఖలున్నాయి. చరోతర్‌లో నడియాద్, వసో, కరమ్‌సద్, సోజిత్రా, ధర్మజ్, భాద్రణ్ అనే 'ఛ గామ్', అంటే ఆరు ఊళ్ళు, పెళ్ళి సంబంధాల్లో పైమెట్టుగా చెలామణీ అయ్యాయి. పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ళ గుంపును 'గోల్' అంటారు. పటేల్ ఇంటి అమ్మాయిని పటేల్ ఇంటికే ఇస్తారు, కాని సొంత ఊళ్ళో ఇవ్వరు. ఇంగ్లండ్ జనన సూచికల్లో తల్లి పుట్టింటి పేరు 1911 నుంచి అచ్చవుతోంది. బిడ్డ పేరు పటేల్, తల్లి పుట్టింటి పేరూ పటేల్ అని ఆ వరుసలు కనబడితే తెలియనివాళ్ళు మేనరికమని పొరబడతారు. అక్కడ కనిపిస్తున్నది గోల్ కట్టుబాటు.

పాటీదార్ల బయట కూడా ఈ పేరు విస్తారంగా ఉంది. దక్షిణ గుజరాత్‌లో కోలీ పటేళ్ళున్నారు. ధోడియా గిరిజనుల్లో పటేళ్ళున్నారు. పార్సీల్లోనూ ఉన్నారు. భరూచ్, సూరత్ ప్రాంతాల సున్నీ వోహ్రా ముస్లింలలో పటేల్ సర్వసాధారణం. భారత జట్టుకు వేగంగా బంతి వేసిన మునాఫ్ పటేల్ ఊరు భరూచ్ జిల్లా ఇఖర్. బ్లాక్‌బర్న్ పేరు తన బిరుదులో చేర్చుకుని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చున్న ఆడమ్ పటేల్ కూడా భరూచ్ జిల్లాలో పుట్టిన ముస్లిమే. బ్లాక్‌బర్న్, బోల్టన్, యార్క్‌షర్‌లోని బాట్లీ మసీదు వీధుల్లో ఉన్న పటేళ్ళకూ, లండన్ వెంబ్లీ స్వామినారాయణ మందిరాలకు వెళ్ళే పటేళ్ళకూ పంచుకున్నది పాత గ్రామ హోదా ఒక్కటే.

తిరగేసి చూసినా లెక్క తప్పుతుంది. కచ్ నుంచి కెన్యా మీదుగా వాయవ్య లండన్‌లోని హారో, కెంటన్ చేరిన లేవా పటేళ్ళు పెద్ద సమాజం. నైరోబీలో కట్టుబడి పనుల్లో పేరు తెచ్చుకున్నవారు. వాళ్ళలో చాలామంది కాగితాల మీద పటేల్ రాసుకోరు. హిరాణీ, హలాయ్, వర్సాణీ, కెరాయ్, వెకరియా, పిండోరియా అని రాసుకుంటారు. కాబట్టి పటేళ్ళ లెక్క పాటీదార్ల లెక్కకు ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ. రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయని అనుకోకూడదు. ఎందుకంటే అవి వేర్వేరు ఊళ్ళలో జరుగుతాయి.

ఇక ప్రయాణం. మొంబాసా నుంచి కిసుముకు 1896–1901 మధ్య వేసిన ఉగాండా రైలుమార్గం కూలీల సంతానమే పటేళ్ళని తరచూ వింటాం. అది తప్పు. ఆ పనికి తెచ్చిన సుమారు 32,000 మందిలో అత్యధికులు పంజాబీలు. ఒప్పందం తీరాక ఎక్కువమంది వెనక్కి వెళ్ళిపోయారు. పట్టాలు పడ్డాక, వాటి వెంట స్టేషన్ల దగ్గర కొట్లు తెరిచినవాళ్ళు, రైల్వేలో గుమాస్తాలుగా చేరినవాళ్ళు గుజరాతీలు. చరోతర్‌లో భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి. తరం తరానికి చెక్క చిన్నదవుతుంది. దానికి తోడు 1899–1900 నాటి 'ఛప్పనియో' కరువు, విక్రమ శకం 1956లో వచ్చింది కనుక ఆ పేరు. ఇంటికొక కొడుకు సముద్రం దాటడానికి ఈ రెండు కారణాలు చాలు.

బ్రిటన్‌కు దారి మాత్రం ఒక్కటి కాదు. ఇక్కడ కాస్త నిలవాలి, ఎందుకంటే నేటి పటం ఆకారమంతా ఇక్కడే ఏర్పడింది.

మొదటి దారి గుజరాత్ నుంచి నేరుగా. 1950లలో, 1960ల మొదట్లో లాంకషర్ నూలు మిల్లులకు రాత్రి పనికి మనుషులు కావాల్సి వచ్చింది. కామన్వెల్త్ వలసలకు కళ్ళెం వేసిన 1962 చట్టం రాకముందే భరూచ్, సూరత్, నవసారి పల్లెల నుంచి మగవాళ్ళు బోల్టన్, బ్లాక్‌బర్న్, ప్రెస్టన్ చేరారు. చట్టం వచ్చాక కుటుంబాలను పిలిపించుకున్నారు.

రెండోది తూర్పు ఆఫ్రికా దారి. దీని వెనుక ఒక న్యాయ సూక్ష్మం ఉంది. 1962 చట్టం పాస్‌పోర్టు ఎవరిచ్చారని చూసేది. బ్రిటన్ ఏలుబడిలోని దేశపు స్థానిక ప్రభుత్వం ఇచ్చినదైతే ఆంక్ష వర్తిస్తుంది, బ్రిటిష్ ప్రభుత్వమే ఇచ్చినదైతే వర్తించదు. కెన్యా 1963లో స్వతంత్రమయ్యాక అక్కడి భారతీయుల్లో స్థానిక పౌరసత్వం తీసుకోనివారు బ్రిటిష్ హైకమిషన్ నుంచే పాస్‌పోర్టు పొందారు. అంటే స్వాతంత్ర్యం వాళ్ళకు తెలియకుండానే బ్రిటన్ తలుపు తెరిచింది. 1967లో కెన్యా ఉద్యోగ, వ్యాపార అనుమతులు బిగించేసరికి విమానాలు నిండాయి. 1968లో బ్రిటన్ పార్లమెంటు హడావుడిగా కొత్త చట్టం చేసింది. తామో, తండ్రో తల్లో, తాతో అవ్వో బ్రిటన్‌లో పుట్టో, అక్కడి పౌరసత్వం పొందో ఉంటే తప్ప ఆ పాస్‌పోర్టుతో నేరుగా రాలేరు. మిగిలినవారికి ఏడాదికి 1,500 కుటుంబ యజమానులకే ప్రవేశ వోచర్లు. సొంత దేశపు పాస్‌పోర్టు చేతిలో పెట్టి ప్రవేశం లేదనడం అన్యాయం. ఆ మాట స్పష్టంగానే చెప్పాలి.

మూడోది ఉగాండా. 1972 ఆగస్టు 4న ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియావాసుల బహిష్కరణ ప్రకటించాడు, గడువు 90 రోజులు. బ్రిటన్ సుమారు 28,000 మందిని తీసుకుంది. ఉగాండా పునరావాస బోర్డు వారిని 16 శిబిరాల్లో ఉంచి, బ్రిటన్‌ను ఎరుపు, ఆకుపచ్చ ప్రాంతాలుగా విడదీసింది. ఎరుపు ఊళ్ళకు వెళ్ళొద్దు, ఆకుపచ్చ ఊళ్ళల్లో స్థిరపడండి అన్నది. లెస్టర్ నగర పాలకులైతే కంపాలాలో వచ్చే ఉగాండా ఆర్గస్ పత్రికలో తమ ఊరికి రావద్దని ప్రకటన వేశారు. జనం లెస్టర్‌కే వచ్చారు. అక్కడ మేనమామ ఉన్నాడు, బెల్‌గ్రేవ్ రోడ్డులో అద్దెకు గది దొరుకుతుంది, అల్లికల మిల్లుల్లో పని ఉంది. బోర్డు గీసిన రంగుల కన్నా చుట్టరికం బలమైనది. 1998 పటంలో లెస్టర్ మీద ముదురు మచ్చ పడడానికి కారణం అదే.

ఇప్పుడు లెక్క కట్టే పని. ఊరికి ఎంతమంది పటేళ్ళని తలలు లెక్కపెడితే పెద్ద నగరాలే పైకి వస్తాయి, తెలిసేదేమీ ఉండదు. పదిలక్షల జనాభాకు ఎందరని చూడాలి. ఒక ఊహాజనితమైన ఊరు తీసుకుందాం. 2 లక్షల జనాభాలో 3,000 మంది పటేళ్ళు. పదిలక్షలకు లెక్కిస్తే 15,000. దేశం మొత్తం మీద సగటు 1,500 అనుకుంటే, ఆ ఊళ్ళో పటేల్ పేరు సగటుకు పది రెట్లు చిక్కగా ఉన్నట్టు. పటానికి రంగు వేయాల్సింది ఈ 'పది'ని బట్టి.

లెక్కకు ఆధారం ఓటర్ల జాబితా అయితే కొన్ని జాగ్రత్తలు. అందులో పిల్లలుండరు, కాబట్టి చిన్నపిల్లలెక్కువ ఉన్న సమాజం తక్కువగా కనిపిస్తుంది. కామన్వెల్త్ పౌరులకు బ్రిటన్‌లో ఓటుంది కనుక భారత పాస్‌పోర్టు ఉన్నవారూ చేరతారు. చదువుకునే పిల్లలు ఇంటి దగ్గరా, విశ్వవిద్యాలయం దగ్గరా రెండుచోట్ల నమోదు కావచ్చు. 2002 నుంచి బయటివారికి అమ్మే జాబితాలోంచి తమ పేరు తీయించుకునే వీలు వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో పేరు తగ్గినట్టు కనిపిస్తే, మనుషులు తగ్గారని రాసేయకూడదు.

జనగణన కాగితాలు నూరేళ్ళ దాకా తెరవరు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికి వచ్చాయి. 1931 నాటి ఇంగ్లండ్, వేల్స్ కాగితాలు 1942లో మంటల్లో పోయాయి. 1941లో యుద్ధం వల్ల జనగణనే జరగలేదు. ఈ ఖాళీలో 1939 నాటి జాతీయ రిజిస్టర్ ఒక్కటే ఆసరా. ఓడ ప్రయాణికుల జాబితాలు 1878 నుంచి 1960 వరకే ఉన్నాయి. 1968లోనూ 1972లోనూ పటేళ్ళు వచ్చింది విమానాల్లో. ఓడ జాబితాలో పేరు దొరకలేదని కుటుంబం అప్పటికి రాలేదనుకుంటే పునాదే తప్పుతుంది. అలాంటి చోట లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పౌరసత్వ ధ్రువపత్రాల నకళ్ళు చూడాలి. కుటుంబాన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఊరి పేరు. పటేల్‌కు ఊరే అసలు ఇంటిపేరు.

పేరును బట్టి మతం, భాష అంచనా వేసే కంప్యూటర్ పద్ధతులను బ్రిటన్ ఆరోగ్య పరిశోధనలో వాడుతుంటారు. పటేల్‌ను గుజరాతీ హిందువుగా గుర్తించే పట్టిక హారోలో బాగానే పనిచేస్తుంది, బ్లాక్‌బర్న్‌లో తప్పుతుంది. ముందుపేరును కూడా కలిపి చూడాలి.

తెలుగువాళ్ళ పేర్లు ఇదే పద్ధతికి ఇంకో రకంగా చిక్కుతాయి. పటేల్ పేరు చివరే ఉండడం వల్ల బ్రిటిష్ ఫారాల్లో కదలకుండా నిలిచింది. మన ఇంటిపేరు ముందుంటుంది, పైగా ఒక్క అక్షరానికి కుదించే అలవాటు. అందుకే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోకి రావు, రెడ్డి, కుమార్, ఒక్కోసారి సొంత పేరే వెళ్ళిపోతుంది. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా తెలుగువారి పటం గీయబోతే రావు అనే పేరు కన్నడ, కొంకణీ, మరాఠీ కుటుంబాలతో కలిసిపోయి దారి దొరకదు. ఇంగ్లండ్, వేల్స్‌లో బిడ్డ పుట్టిన 42 రోజుల్లోగా, స్కాట్లండ్‌లో 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. బిడ్డ ఇంటిపేరు తల్లిదండ్రుల పాస్‌పోర్టులో ఉన్నదే కావాలనే నియమం లేదు. ఏ ఇంటిపేరు రాయించాలో తల్లిదండ్రులదే నిర్ణయం. రిజిస్ట్రార్ ఎదుట కూర్చునే ముందు ఇంటిపేరు పూర్తి అక్షరాలతో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. సంతకం పెట్టే ముందు ఒక్కొక్క అక్షరం చదివి చూడండి. ఆ పుస్తకంలో ఒకసారి ఎక్కిన పేరును తర్వాత దిద్దించడం చాలా కష్టం.