ఫ్లాపీ చదవట్లేదా? రీట్రై నొక్కకండి! | గ్రీజ్‌వీజిల్ బోర్డు రివ్యూ

ఈ శబ్దం ఒకసారి వినండి. గర్ర్... టక్. గర్ర్... టక్. ఇది విజయవాడలో మా నాన్న డీటీపీ సెంటర్లో ఉండే పాత 486 కంప్యూటర్. ఫ్లాపీ పెట్టి, అందులో ఏమున్నాయో చూపించే డిర్ కమాండ్ కొట్టాను. స్క్రీన్ చూడండి, "డేటా ఎర్రర్ రీడింగ్ డ్రైవ్ ఏ. అబార్ట్, రీట్రై, ఫెయిల్?" ఇప్పుడు మీ వేలు ఎటు పోతుంది? ఆర్ మీదకే కదా! దయచేసి నొక్కకండి. ఎందుకో కాసేపట్లో దగ్గర్నుంచి చూపిస్తాను.

ముందు ఒక మాట చెప్పేయాలి. పాత ఫ్లాపీల్ని చదివించే ఈ గ్రీజ్‌వీజిల్ బోర్డు నేను కొన్నది కాదు. పాత కంప్యూటర్ల సామాన్లు అమ్మే ఒకాయన శాంపిల్‌గా పంపారు. డబ్బులేం తీసుకోలేదు, వీడియో ముందుగా ఆయనకి చూపించలేదు.

స్పెసిఫికేషన్లు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్ళను. కీర్ ఫ్రేజర్ గారు తయారుచేసిన ఓపెన్ సోర్స్ బోర్డు. ఒక పక్క 34 పిన్నుల ఫ్లాపీ కేబుల్, ఇంకో పక్క యూఎస్‌బీ. మామూలు ఫ్లాపీ డ్రైవే దీనికి తగిలిస్తాం.

మరి మామూలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఉండగా ఇదెందుకు? నా దగ్గర అలాంటిదొకటి ఉండేది, మూడేళ్ళు వాడాను. కొంచెం పాడైన డిస్క్ పెడితే చాలు, "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగేది. అంతే, ఇంకో మాట లేదు. డిస్క్ మీద డేటా సెక్టార్లనే చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక్కో సెక్టార్ చివర ఉండే సీఆర్‌సీ, అంటే తప్పుల్ని పట్టే లెక్క, సరిపోతే డేటా ఇస్తుంది, సరిపోకపోతే లేదంటుంది. ఎంత దగ్గరిదాకా వచ్చి తప్పిందో మనకి తెలియదు. గ్రీజ్‌వీజిల్ అలా కాదు. డిస్క్ మీద అయస్కాంతం దిశ మారిన ప్రతిచోటా టైమ్ రాసుకుంటుంది. 1.44 ఎంబీ డిస్క్‌లో ఆ మార్పుల మధ్య దూరం 2, 3 లేదా 4 మైక్రోసెకన్లు ఉండాలి. డిస్క్ వయసైపోయి ఆ దూరాలు అటూ ఇటూ జరిగినా, ఆ జరిగింది కూడా ఫైల్లోకి వస్తుంది. డిస్క్ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 200 మిల్లీసెకన్లు. డేటా ఉండే ఒక్కో వృత్తాన్ని, అంటే ట్రాక్‌ని, ఐదు చుట్లు చదవమన్నా, రెండు వైపులా కలిపి 160 ట్రాక్‌లు దాదాపు మూడు నిమిషాల్లో పూర్తవుతాయి. ఆ రా (ముడి) ఫైల్ చేతికొచ్చాక డిస్క్‌ని పక్కన పెట్టేయొచ్చు. మిగతా కుస్తీ అంతా ఫైల్‌తోనే.

ఇప్పుడు రీట్రై సంగతి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఈ ఫ్లాపీ షట్టర్ పక్కకి జరిపి, వెనక ఉన్న లోహపు చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతున్నాను. లైటు ఏటవాలుగా పడనివ్వండి. అదిగో, కనిపించిందా? అంచు దగ్గర పొడి చల్లినట్టు తెల్లటి మచ్చలు. బూజు. మన కృష్ణా తీరం ఉక్కలో, బీరువాలో పాతికేళ్ళు పడి ఉంటే రాక ఏం చేస్తుంది? డిస్క్ తిరుగుతుంటే, దాన్ని చదివే హెడ్ ఈ బూజుకి రాసుకుంటూ ఉంటుంది. ఆ మురికి హెడ్‌కి అంటుకుంటుంది. మురికి పట్టిన హెడ్ డిస్క్ పూతనే గీరేస్తుంది. మీరు ఆర్ నొక్కిన ప్రతిసారీ అదే చోట మళ్ళీ గీరుతుంది. మీ ఫైల్ ఉన్నదే ఆ పూత మీద!

ఇదిగో ఈ ఇయర్ బడ్ చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పై హెడ్ మీద ఒక్కసారి తుడిచాను. గోధుమరంగు గీత పడింది. అది డ్రైవ్ మురికి మాత్రమే కాదండీ, ఏదో డిస్క్ మీంచి ఊడొచ్చిన పూత కూడా. ఎవరి ఫైలో ఏమో! తుడిచేటప్పుడు పై హెడ్‌ని ఎత్తి పట్టుకోవద్దు. అది పల్చటి స్ప్రింగ్ రేకు మీద ఉంటుంది, వంగితే డ్రైవ్ పోయినట్టే. బూజు ఉన్న డిస్క్ చదివాక ప్రతిసారీ హెడ్ తుడవండి. విసుగొచ్చినా సరే తుడవండి.

బూజు అంచునే ఉంది కదా, మిగతా డిస్క్ బాగానే ఉందిగా అనుకోకండి. ట్రాక్ సున్నా ఉండేది అంచునే. బూట్ సెక్టార్ ఒకటి, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ పట్టిక తొమ్మిది సెక్టార్ల చొప్పున రెండు కాపీలు, ఫైళ్ళ పేర్లుండే రూట్ డైరెక్టరీ 14. మొత్తం 33 సెక్టార్లూ అక్కడే. అంటే పుస్తకం అంతా బాగుండి విషయసూచిక చిరిగిపోయినట్టు. ఫైళ్ళన్నీ లోపల ఉన్నా డిస్క్ ఖాళీ అంటుంది. ఇలాంటి డిస్కులు ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో తలుచుకుంటే బాధేస్తుంది.

ఇక నాకు కోపం వచ్చిన విషయం. బోర్డు పెట్టెలో కేబుల్ లేదు. సరే, పాత కేబుల్ తగిలించాను. "ట్రాక్ 0 నాట్ ఫౌండ్" అంది. డ్రైవ్ విప్పాను, తుడిచాను, స్క్రూ రాడ్ మీద గట్టిపడ్డ గ్రీజు తీసి కొత్తది రాశాను. మళ్ళీ అదే. ఒక సాయంత్రం మొత్తం పోయింది. తీరా చూస్తే, నేను తగిలించింది మెలిక లేని కేబుల్. పీసీ ఫ్లాపీ కేబుల్ చివర కొన్ని వైర్లు మెలితిరిగి ఉంటాయి చూడండి, ఆ మెలిక తర్వాత ఉన్నది "ఏ" డ్రైవ్. మెలిక లేకపోతే అదే డ్రైవ్ "బీ" అవుతుంది. కమాండ్‌లో డ్రైవ్ ఈక్వల్స్ బీ అని చేర్చగానే బంగారంలా నడిచింది. ఈ ఒక్క ముక్క చిన్న కాగితం మీద రాసి పెట్టెలో వేయడానికి ఏమైంది? పంపినాయనకి ఫోన్ చేసి ఇదే చెప్పాను.

ఈ డిస్క్ మీద లేబుల్ చదవండి, "ఫాంట్స్ - 2". నాన్న చేతిరాత. యూనికోడ్ రాకముందు ఒక్కో తెలుగు ఫాంట్‌కి ఒక్కో కోడింగ్. పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైల్ దొరికినా దాని ఫాంట్ లేకపోతే కనిపించేదంతా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే. అందుకే నాకు అన్నిటికంటే ఈ డిస్కే కావాలి. మొదటిసారి చదివితే 2880 సెక్టార్లలో 2861 వచ్చాయి. పోయినవి ఎక్స్ గుర్తులతో చూపించింది, అన్నీ మొదటి రెండు ట్రాక్‌లలోనే. బూజు మచ్చల్ని తడి బడ్‌తో మెత్తగా తుడిచి, ఆరనిచ్చి, హెడ్ తుడిచి మళ్ళీ చదివించాను. 2880కి 2880!

కొనమంటారా అంటే, ఇంట్లో పాత ఫ్లాపీలు ఒక డబ్బా ఉన్నా కొనేయండి. కేబుల్ గొడవ ఒక సాయంత్రం. దీంతో వెనక్కొచ్చేది ఇంకెక్కడా దొరకదు. 3.5 అంగుళాల డ్రైవ్‌కి 5 వోల్టులు చాలు. 5.25 అయితే 12 వోల్టులు కూడా కావాలి, దానికి విడిగా పవర్ సప్లై పెట్టుకోండి.

ఫాంట్ ఎక్కించి, ఒక పాత ఫైల్ తెరిచి నాన్నని పిలిచాను. నా పెళ్ళికి ముందెప్పుడో ఎవరికో చేసిచ్చిన శుభలేఖ. పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని తెలుగులో కనిపించేసరికి, కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి వంగి, "రెండో లైను కాస్త కిందకి జరపాలిరా" అన్నారు. డబ్బాలో ఇంకా 43 డిస్కులున్నాయి. తర్వాతది పెడుతున్నాను, ముందు హెడ్ తుడవనివ్వండి.